ప్రశ్న అడిగితే "డాక్టర్ నువ్వా నేనా" అన్నారు. గురువారం గర్భసంచి ఆపరేషన్ అట, ఏం చేయాలి?

వనజ_ఖమ్మం
నాకు 42 ఏళ్లు. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఇద్దరు పిల్లలు, 24 ఏళ్లకే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ఎనిమిది నెలలుగా నెలసరి వస్తే తొమ్మిది, పది రోజులు ఆగడం లేదు. గడ్డలు గడ్డలుగా పోతోంది. మెట్లెక్కితే ఆయాసం, మిషన్ తొక్కితే పిక్కలు లాగేస్తున్నాయి. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. స్కానింగ్ తీశారు. అక్కడి మేడం గారు రిపోర్టు చూసి "గర్భసంచి వాచింది, గడ్డ కూడా ఉంది, తీసేద్దాం. గురువారం రండి, 45 వేలు అవుతుంది" అన్నారు. లోపలికెళ్లి బయటికి రావడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను ఒకటే అడిగాను, మందులతో తగ్గదా మేడం అని. "డాక్టర్ నువ్వా నేనా? పిల్లలు అయిపోయారుగా, ఇంకా ఆ సంచి దేనికి? రేపు క్యాన్సర్ అయితే నన్నడగకు" అని అందరి ముందూ గట్టిగా అనేశారు. తల వంచుకుని వచ్చేశాను.

మా ఆయన, అత్తమ్మ చేయించేసుకో అంటున్నారు. మా వీధిలోనే నలుగురికి తీశారు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా ఒంటి గురించి నేను అడగడం తప్పా?

హరిత
తప్పు కాదు అక్కా. గురువారం వెళ్లకండి. ముందు ఇంకో డాక్టర్‌కి చూపించండి.

నల్గొండ_యాదగిరి
మా ఆవిడకి కూడా ఇదే సమస్య. రెండున్నరేళ్ల కింద తీయించేశాం. ఇప్పుడు నెలనెలా ఆ బాధే లేదు, ఊపిరి పీల్చుకుంది. అనవసరంగా టెన్షన్ పెట్టుకోకండి. డాక్టర్లు ఊరికే చెప్పరు కదా. పది మందిని అడిగితే పది రకాలుగా చెప్తారు, ఆలోపు రక్తం అంతా పోతుంది.

కృష్ణవేణి_గుంటూరు
వనజ గారు, నా సంగతి చెప్తాను, చదివాక మీరే నిర్ణయించుకోండి.

నాకు 34 ఏళ్లప్పుడు తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్తే "గర్భసంచి మూతికి పుండు పడింది, ముదిరితే క్యాన్సర్" అన్నారు. ఆ మాట వినగానే మా అమ్మ ఏడ్చేసింది, మా ఆయన అప్పు తెచ్చాడు. వారంలో ఆపరేషన్ అయిపోయింది. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క కాగితం చదవలేదు. ఆరు నెలలకి ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చలికాలంలో కూడా చెమటలు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. అందరూ నరాల బలహీనత అన్నారు. బలం మందులు ఎన్ని మింగానో లెక్కలేదు.

ఆరేళ్ల తర్వాత కడుపు నొప్పి అని వేరే చోట స్కానింగ్ తీస్తే అక్కడి డాక్టరమ్మ "మీకు అండాశయాలు కూడా తీసేశారు కదా" అంది. నాకు తెలియదు. మా ఆయనకీ తెలియదు. నా ఒంట్లో ఏం ఉంది, ఏం లేదు అనేది ఆరేళ్ల తర్వాత ఎవరో చెప్తే తెలుసుకున్నాను. ఇప్పుడు నాకు 49. పోయినేడు బాత్రూంలో కాలు జారి చెయ్యి ఆనించుకుంటే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు.

నేను అడగలేదు. మీరు అడిగారు. అది తప్పని మాత్రం అనుకోకండి తల్లీ.

హరిత
చదువుతుంటే గుండె బరువెక్కింది కృష్ణవేణి గారు.

స్టాఫ్‌నర్స్_విజయ
పద్దెనిమిదేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాను. వనజ గారు, ముందు ఈ పనులు చేయండి. స్కానింగ్ రిపోర్టు, ఫిల్ము రెండూ మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే వెళ్లి తెచ్చుకోండి. డబ్బు మీరు కట్టారు, అవి మీవి. తర్వాత రక్తం ఎంత ఉందో, అంటే హిమోగ్లోబిన్, చూశారా? మీరు చెప్పే ఆయాసం, పిక్కల లాగుడు చూస్తే తక్కువగానే ఉంటుంది. ఏ ఆపరేషన్‌కైనా ముందు అది సరిచేయాలి. గురువారం అన్నారంటే రక్తం ఎక్కించి చేసేద్దామనుకున్నారేమో.

మూడోది, ఎక్కడ చూపించుకున్నా సంతకం పెట్టమన్న కాగితం చదవండి. మా దగ్గర రోజూ చూస్తుంటాను, పేజీ తిప్పకుండా వేలు పెట్టిన చోట సంతకం చేస్తారు. అందులో "అండాశయాలతో సహా" అని ఉందా లేదా చూడండి. తెలుగులో లేకపోతే చదివి చెప్పమనండి. అడిగితే మేం చెప్తాం, మాకేం కోపం రాదు.

నల్గొండ_యాదగిరి
విజయ గారు, అంటే గర్భసంచి తీస్తే అండాశయాలు కూడా పోతాయా? రెండూ ఒకటే కదా?

స్టాఫ్‌నర్స్_విజయ
ఒకటి కాదు అన్నా. సంచి వేరు, దానికి అటూ ఇటూ ఉండే రెండు అండాశయాలు వేరు. హార్మోన్లు వచ్చేది అండాశయాల నుంచి. కొందరికి సంచి ఒక్కటే తీస్తారు, కొందరికి అన్నీ తీస్తారు. మీ ఆవిడకి ఏం తీశారో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది.

గోదారిగట్టు
మా పక్క పల్లెల్లో అయితే ఆర్‌ఎంపీ తీసుకెళ్లాడంటేనే ఆలోచించాలి. అందరూ అలా అనను, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది కూడా వాళ్లే. కానీ ఆపరేషన్‌కి ఇంత అని కమీషన్ ఉన్న చోట సలహాకి విలువ ఏముంటుంది? ఇది మనకి కొత్త కాదు. 2015-16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద గర్భసంచి తీసేసినవాళ్లు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. ఆ లెక్కలో దేశంలో మనమే ముందున్నాం. మన ఆడవాళ్లకే అన్ని జబ్బులు వస్తాయా? వనజ గారి వీధిలో నలుగురు అంటే నాకేం ఆశ్చర్యం లేదు.

గైనిక్_డ్యూటీ
ప్రభుత్వాసుపత్రిలో గైనకాలజిస్టుని. మామూలుగా ఇక్కడ చదివి ఊరుకుంటాను, కానీ ఇది చూసి రాయకుండా ఉండలేకపోయాను. వనజ గారు, మిమ్మల్ని చూడకుండా మందు చెప్పను. ఏం అడగాలో చెప్తాను.

"గర్భసంచి వాచింది" అనేది జబ్బు పేరు కాదు. స్కాన్‌లో "బల్కీ యూటరస్" అని వస్తే అలా అనువదించి చెప్తుంటారు. ఇద్దరు పిల్లల్ని కన్నవాళ్లకి సంచి కొంచెం పెద్దగా ఉండటం మామూలే. గడ్డ అంటే చాలాసార్లు ఫైబ్రాయిడ్, గర్భసంచి కండరంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ. అది క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. నెలసరి ఆగిపోయాక చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. గడ్డ ఎంతుంది అనేదాని కంటే ఎక్కడుంది అనేది ముఖ్యం. సంచి బయటివైపు ఉన్న పెద్ద గడ్డ ఏమీ చేయకపోవచ్చు, లోపలి పొరలో ఉన్న చిన్నది విపరీతంగా బ్లీడింగ్ తెప్పించవచ్చు. కాబట్టి మొదటి ప్రశ్న: నాకున్న జబ్బు పేరేంటి, గడ్డ ఎక్కడుంది?

రెండోది, ఏ పరీక్షలు చేశారు? ఎక్కువ బ్లీడింగ్ అని వస్తే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా నెలసరి ఎక్కువవుతుంది. గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష చేయాలి. నలభై దాటాయి కాబట్టి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. "రేపు క్యాన్సర్ అయితే" అని భయపెట్టడం కాదు, ఉందో లేదో ఈ పరీక్షలతో చూడొచ్చు. స్కాన్ ఒక్కటి చూసి సంచి తీసేయడం సరైన పద్ధతి కాదు, ఇది నేను గట్టిగానే అంటాను.

మూడోది, వేరే దారులు ఏమున్నాయి? బ్లీడింగ్ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి. హార్మోన్ మాత్రలు ఉన్నాయి. లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అవసరమైతే గడ్డ ఒక్కటే తీయొచ్చు. ఇవి అందరికీ సరిపోవు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకి కొన్ని వాడకూడదు. అందుకే చూసి చెప్పాలి.

నాలుగోది, ఆగితే ఏమవుతుంది, ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది? ఇవన్నీ పనిచేయనప్పుడు, గడ్డలు బాగా పెద్దవైనప్పుడు, బయాప్సీలో తేడా వచ్చినప్పుడు గర్భసంచి తీయడమే సరైన వైద్యం. నేనూ చేస్తాను. తీసినా, అండాశయాలు బాగుంటే మీ వయసులో ఊరికే తీయకూడదు.

ఒక్క మాట మా తరఫున కూడా. ఓపీలో ఒక్కో రోజు నూట ఇరవై మందిని చూస్తాను. విసుక్కున్న రోజులు నాకూ ఉన్నాయి, ఇంటికొచ్చాక బాధపడతాను. కానీ చేతిలో కాగితాలు వరసగా పెట్టుకుని, "నాకు మూడు ప్రశ్నలున్నాయి" అని వచ్చే పేషెంట్ మా టైం తినేయదు. నిజానికి కలిసొస్తుంది.

కృష్ణవేణి_గుంటూరు
మీలాంటి డాక్టరమ్మ నాకు పదిహేనేళ్ల కింద తగిలి ఉంటే బాగుండేది.

పద్మ_సిక్కోలు
అందరూ ఆపరేషన్ వద్దు వద్దు అంటున్నారు, నాకు భయంగా ఉంది. మా అమ్మ సంగతి వినండి. అమ్మకి 51కే నెలసరి ఆగిపోయింది. 58లో మళ్లీ కొంచెం కొంచెం కనిపించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. తర్వాత పిన్నికి చెప్తే "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అంది. అలా ఏడాది గడిచిపోయింది. విశాఖ తీసుకెళ్లేసరికి గర్భసంచి క్యాన్సర్, పక్కకి పాకింది. రెండేళ్లు మాత్రమే బతికింది. మొదటి చుక్క కనిపించిన రోజే వెళ్లుంటే సంచి తీసేస్తే సరిపోయేదని అక్కడి డాక్టర్ అన్నారు.

ఆపరేషన్ తప్పించుకోవడమే తెలివి అన్నట్టు మాట్లాడకండి. ఇది చదివి ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుండిపోతే?

గైనిక్_డ్యూటీ
పద్మ గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే డాక్టర్‌ని కలవాలి. భార్యాభర్తలు కలిశాక రక్తం కనిపించినా అంతే. ఎక్కువసార్లు అది ప్రమాదం కాదని తేలుతుంది, కానీ చూడకుండా తెలియదు. నేను ఆపరేషన్ వద్దనలేదు. పరీక్ష చేయకుండా వద్దన్నాను.

గోదారిగట్టు
నా మాట వల్ల డాక్టర్ దగ్గరికే వెళ్లొద్దు అన్నట్టు అనిపిస్తే క్షమించండి పద్మ గారు. నా ఉద్దేశం అది కాదు.

పద్మ_సిక్కోలు
మిమ్మల్ని అనలేదండి. అమ్మ గుర్తొచ్చి అలా రాశాను.

బీపీ_రామారావు
నాది ఆడవాళ్ల సమస్య కాదు, బీపీ, షుగర్. అయినా ఒక మాట. పదకొండేళ్లుగా ఒక ఫైలు పెట్టుకున్నాను. ప్రతి చీటీ, ప్రతి రక్తపరీక్ష తేదీల వారీగా. మొదటి పేజీలో నేను వాడే మందులు, మోతాదులు, పడని మందు పేరు. పోయినేడు మోకాలి నొప్పికి వేరే డాక్టర్ నొప్పి మాత్ర రాశారు. ఫైలు ముందు పెట్టి "సార్, నా క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రెండేళ్లలో 1.1 నుంచి 1.5కి పెరిగింది, ఇది వాడొచ్చా" అని అడిగాను. ఆయన కాగితాలు చూసి, వెంటనే కొట్టేసి వేరేది రాశారు. థాంక్స్ కూడా చెప్పారు. నేను అడక్కపోయినా, ఫైలు లేకపోయినా ఆ మాత్ర నెల రోజులు మింగేవాడిని. ఆయన తప్పు కాదు, నా కిడ్నీ సంగతి ఆయనకేం తెలుసు?

మందులషాపు_శ్రీను
రామారావు గారూ, మీలాంటివాళ్లు మా కౌంటర్‌కి వస్తే నాకు పండగే. రోజుకి ఇరవై మంది "తెల్ల మాత్ర, చిన్నది, బీపీది" అని అడుగుతారు. మా దగ్గర తెల్లవి చిన్నవి నాలుగు వందల రకాలున్నాయి 😀 ఖాళీ అయిన షీటు అయినా తెచ్చుకోండి బాబూ.

హరిత
మా నాన్న అచ్చం ఇదే. "పొద్దున వేసుకునేది" అంటాడు!

ప్రవాసి_డల్లాస్
ఇక్కడ నా టెస్టు రిపోర్టులు, డాక్టర్ రాసుకున్న నోట్స్ నా ఫోన్‌లోకే వచ్చేస్తాయి. 2021 నుంచి చట్టం అలా ఉంది. కొన్నిసార్లు డాక్టర్ కంటే ముందే నేను చూస్తాను. అయినా నాకు ఫైబ్రాయిడ్ వచ్చినప్పుడు ఇక్కడ కూడా మొదట ఆపరేషనే అన్నారు. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి, లూప్ వేయించుకుని నాలుగేళ్లయింది, బాగున్నాను. మొదటి మూడు నెలలు మాత్రం మధ్యమధ్యలో స్పాటింగ్ వచ్చి విసిగించింది. అది ముందే చెప్పి ఉండటం వల్ల ఓపిక పట్టాను.

లాయర్_వరంగల్
చట్టం సంగతి అడిగేవాళ్ల కోసం. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం పేషెంట్ గానీ, ఆయన తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. అడ్మిట్ అయినవాళ్ల రికార్డులు మూడేళ్లు దాచి ఉంచాలి. నోటితో అడిగితే ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, ఒక కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. చాలాసార్లు ఆ కాగితం చూడగానే ఇచ్చేస్తారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా రికార్డులు పొందే హక్కు, రెండో డాక్టర్ సలహా తీసుకునే హక్కు, మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు ఉన్నాయి.

సంతకం గురించి సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆమెకి 44 ఏళ్లు. పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదని, మనిషి మేజరై, స్పృహలోకి వచ్చేదాకా ఆగే వీలున్నప్పుడు ఇంకొకరి సంతకం చెల్లదని కోర్టు చెప్పింది. అంటే వనజ గారు, మీ ఆయన, మీ అత్తమ్మ ఒప్పుకున్నా సరిపోదు. మీరు ఒప్పుకోవాలి.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్‌లో 2023 ఏప్రిల్‌లో కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

వనజ_ఖమ్మం
అందరివీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. మా ఆయనకి కృష్ణవేణి అక్క రాసింది, పద్మ గారు రాసింది చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గురువారం వద్దులే, ముందు ఇంకో చోట చూపిద్దాం" అన్నాడు. అత్తమ్మ మాత్రం అలిగింది, ఆర్‌ఎంపీ ఏమనుకుంటాడో అని.

నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేస్తే ఫిల్ము ఇవ్వం అన్నారు. లాయర్ గారు చెప్పినట్టు కాగితం రాసుకుని రేపు వెళ్తాను. నాకు వెళ్లాలంటే భయమే, మా తమ్ముణ్ణి తోడు తీసుకెళ్తున్నా.

స్టాఫ్‌నర్స్_విజయ
తోడు మంచి ఆలోచన. మనం కంగారులో సగం మర్చిపోతాం, పక్కన ఇంకొకరి చెవులు ఉండాలి. గొడవ పడొద్దు. అడిగింది మళ్లీ మళ్లీ నెమ్మదిగా అడగండి. ఎప్పుడెప్పుడు బ్లీడింగ్ వచ్చింది, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, ఇవి క్యాలెండర్ మీద రాసుకుని డాక్టర్‌కి చూపించండి. "ఎక్కువగా అవుతోంది" అంటే ఎవరికీ అర్థం కాదు, లెక్క చెప్తే అర్థమవుతుంది.

నల్గొండ_యాదగిరి
విజయ గారు, డాక్టరమ్మ గారు, ఒకటి అడగాలి. విజయ గారు అన్నాక ఇంటికెళ్లి మా ఆవిడని అడిగాను, నీకు ఏమేం తీశారు అని. తనకి తెలియదు. నాకూ తెలియదు. బీరువా అంతా వెతికి డిశ్చార్జి కాగితం పట్టుకున్నాం. అందులో "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంది. అంటే ఏంటి?

అప్పుడు తనకి 38. ఇప్పుడు 41 నడుస్తోంది.

గైనిక్_డ్యూటీ
యాదగిరి గారు, టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీయడం. బీఎస్ఓ అంటే రెండు ట్యూబులు, రెండు అండాశయాలు కూడా తీయడం. కంగారు పడకండి, కానీ వదిలేయకండి. ఆమెకి ఒళ్లు వేడెక్కడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, చిరాకు ఉన్నాయా?

నల్గొండ_యాదగిరి
అన్నీ ఉన్నాయి మేడం. రాత్రిళ్లు లేచి కూర్చుంటుంది. ఫ్యాన్ ఫుల్ పెట్టమంటుంది. నేను ఊరికే కోపం చేస్తోందనుకున్నా. రెండున్నరేళ్లుగా తనని అరుస్తున్నాను.

పైన హాయిగా ఉందని నేనే రాశాను. తనని అడక్కుండానే రాశాను.

కృష్ణవేణి_గుంటూరు
తమ్ముడూ, ఇప్పుడైనా అడిగావు. మా ఇంట్లో అడిగేవాళ్లు లేక ఆరేళ్లు గడిచిపోయాయి. తనకి ఇంకా చిన్న వయసు, చేయగలిగింది ఉంది.

గైనిక్_డ్యూటీ
నిజంగానే ఉంది. ఈ వయసులో అండాశయాలు పోతే, వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ వైద్యం ఇస్తారు. ఎముకలకీ, గుండెకీ అది మేలు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు లాంటివి ఉంటే ఇవ్వకూడదు, కాబట్టి గైనకాలజిస్టుని కలిసి అవన్నీ చెప్పాలి. ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి, కాల్షియం సంగతి అడగండి. అండాశయాలు ఎందుకు తీశారో కూడా తెలియాలి. వాటిలో ఏదైనా జబ్బు ఉండి తీశారేమో, అలా అయితే వైద్యం మారుతుంది. తీసినదాన్ని ల్యాబ్‌కి పంపితే బయాప్సీ రిపోర్టు ఉంటుంది. ఆ రిపోర్టు సంపాదించండి.

లాయర్_వరంగల్
యాదగిరి గారు, రెండున్నరేళ్లే అయింది కాబట్టి రికార్డులు ఇంకా వాళ్ల దగ్గర ఉండాలి. ఆలస్యం చేయకండి. దరఖాస్తు మీ ఆవిడ పేరు మీద, ఆమె సంతకంతో పెట్టండి.

వనజ_ఖమ్మం
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

కాగితం చూపించాక గంటసేపు కూర్చోబెట్టి ఫిల్ము, రిపోర్టు ఇచ్చారు. మా తమ్ముడు మాట్లాడబోతే నేనే ఆపి నేనే మాట్లాడాను. తర్వాత హైదరాబాద్‌లో మా పిన్ని ఇంట్లో ఉండి అక్కడి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో చూపించుకున్నాను. లైన్‌లో మూడు గంటలు నిలబడ్డాను. ప్రశ్నలు నాలుగూ బట్టల కొలతలు రాసే నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాను. ఆ డాక్టర్ నోట్‌బుక్ తీసుకుని తనే చదివి ఒక్కోదానికి జవాబు చెప్పింది.

హిమోగ్లోబిన్ 7.8 మాత్రమే ఉంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 14 వచ్చింది, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందట. నాకు థైరాయిడ్ ఉందని ఇన్నాళ్లూ తెలియదు, ఎవరూ చూడలేదు. గడ్డ మూడు సెంటీమీటర్లు, గోడ బయటివైపు ఉందట, దానివల్ల ఇంత బ్లీడింగ్ రాకపోవచ్చు అన్నారు. పాప్ స్మియర్, బయాప్సీ చేశారు. బయాప్సీ అంటే భయపడ్డాను, గట్టి నెలసరి నొప్పిలా రెండు నిమిషాలు వచ్చి పోయింది. రెండూ బాగానే ఉన్నాయి.

ఇప్పుడు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, నెలసరి రోజుల్లో వేసుకునే మాత్రలు ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూసి తగ్గకపోతే లూప్ గురించి మాట్లాడదాం, అదీ కాకపోతే ఆపరేషన్ ఆలోచిద్దాం అన్నారు. ఈ నెల ఏడు రోజులు వచ్చింది. పూర్తిగా తగ్గలేదు. కానీ మెట్లు ఎక్కుతున్నాను. ఏం జరుగుతోందో నాకు తెలుసు కాబట్టి నిద్ర పడుతోంది.

రామలక్ష్మి
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నాకూ గర్భసంచి తీశారు, కానీ నాకు మందులు, లూప్ అన్నీ అయ్యాక, గడ్డలు ఆరు ఉండి, రెండుసార్లు రక్తం ఎక్కించాక తీశారు. అండాశయాలు ఉంచారు, ఎందుకు ఉంచుతున్నారో ముందే బొమ్మ గీసి చెప్పారు. నేను సంతోషంగా ఉన్నాను. వనజ గారు, చివరికి ఆపరేషన్ దాకా వచ్చినా ఓడిపోయాననుకోకండి.

వనజ_ఖమ్మం
ఈ మాట నాకు చాలా అవసరం అండి. లోపల ఆ భయం ఉంది.

బీపీ_రామారావు
వనజ గారు, ఐరన్ మాత్రలు గానీ కాల్షియం గానీ తర్వాత ఇస్తే థైరాయిడ్ మాత్రకి కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచమని చెప్తారు. మా చెల్లెలు రెండూ కలిపి మింగి ఏడాదంతా తగ్గలేదని బాధపడింది. మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి.

వనజ_ఖమ్మం
నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కొలతల పుస్తకం నిండిపోయేలా ఉంది, కొత్తది కొంటాను.

పద్మ_సిక్కోలు
బయాప్సీ బాగుందని చదివి మనసు కుదుటపడింది అక్కా. మా పిన్నిని కూడా పోయిన వారం తీసుకెళ్లి పాప్ స్మియర్ చేయించాను.

నల్గొండ_యాదగిరి
మాకు రికార్డులు దొరికాయి. ఫైలు కోసం మూడుసార్లు తిరిగాం. బయాప్సీ రిపోర్టులో అండాశయాలు మామూలుగానే ఉన్నాయని రాసి ఉంది. అది చదివినప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు, కాగితం మడిచి నా చేతికిచ్చింది.

సోమవారం గైనకాలజిస్టు దగ్గర టైం తీసుకున్నాం. క్యాలెండర్ వెనక ప్రశ్నలు తనే రాసింది. హార్మోన్ మందు నాకు సరిపోతుందా, ఎన్నేళ్లు వాడాలి, ఎముకల పరీక్ష ఎప్పుడు, గుండెకి ఏం చూడాలి. ఇంకా ఏమైనా రాయాలా డాక్టరమ్మ గారు?

గైనిక్_డ్యూటీ
వాళ్లమ్మకి, అక్కాచెల్లెళ్లకి రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా ఉందేమో ఇంట్లో అడిగి రాసుకోండి. ఆమె బీపీ, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ రాయండి. ఆ రిపోర్టు అసలు ఇంట్లో పెట్టి జిరాక్స్ తీసుకెళ్లండి. గదిలోకి మీరూ వెళ్లండి, కానీ ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.

నల్గొండ_యాదగిరి
అలాగే మేడం. తన పక్కన కూర్చుంటాను.